64 చుక్కల గుర్తు

మా బొబ్బిలి స్నేహితుడు కంప్యూటర్ గేమ్‌లో తన సైన్యానికి పులి తలను గుర్తుగా పెట్టుకున్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ అది. మీసాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. కళ్లలో మెరుపు ఉంది, కోరల మీద తడి ఉంది. దాన్ని 64 పిక్సెళ్ల వెడల్పు, 64 పిక్సెళ్ల ఎత్తుకు కుదించి, డాన్ ఆఫ్ వార్ గేమ్ ఫోల్డర్లో బ్యాడ్జిలు ఉండే చోట వేసి, గేమ్ తెరిచాడు. సైనికుల భుజాల మీద నారింజ రంగు మచ్చ కనిపించింది. అది పులి అని ముందే తెలిసిన నాకే మూతి ఎటుందో, చెవులు ఎటున్నాయో అంతుపట్టలేదు.

"ఏటి బావా ఇలాగయిపోయింది? పెద్దగా ఉన్నప్పుడు ఎంత బావుందో చూశావు కదా" అన్నాడు.

బొబ్బిలి వాళ్లకు పులి అంటే ఏమిటో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. పెద్దపులి పెబ్బులి అయి, బెబ్బులి అయి, చివరికి బొబ్బిలి అయిందని ఊరి పేరు గురించే కథ చెప్పుకుంటారు. అలాంటి గుర్తు మచ్చగా మారిపోతే వాడికి బాధ కలగడం న్యాయమే. నాకూ బాధేసింది. ఆ ఆదివారం మొదలుపెట్టి ఏడాదిగా ఈ చిన్న చిన్న సైన్యం గుర్తులు గీస్తూనే ఉన్నాను. గీయగా గీయగా నాకు రెండు గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. గుర్తును పెద్ద బొమ్మ నుంచి కుదించకూడదు, అది ఏ కొలతలో ఉండబోతోందో ఆ కొలతలోనే చుక్క చుక్కగా గీయాలి. ఇది మొదటిది. రెండోది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆకారం ఎంత బాగా కుదిరినా, దాని వెనకున్న కథ యుద్ధానికి ఒప్పుకోకపోతే ఆ గుర్తును వదిలేయాలి.

డాన్ ఆఫ్ వార్ 2004లో వచ్చింది. రెలిక్ అనే కెనడా కంపెనీ తయారుచేసిన గేమ్. మా ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ ఆఫీసు పనికి కొన్నవి, కొత్త గేములు వాటి మీద నడవవు, అందుకే ఇప్పటికీ ఇదే ఆడతాం. వాడు పాసింజరు ఎక్కి విజయనగరం వస్తాడు, మా ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాం. ఇందులో ఆర్మీ పెయింటర్ అని ఒక భాగం ఉంది. సైన్యానికి ఐదు చోట్ల రంగులు మనమే ఎంచుకోవచ్చు: ప్రధాన రంగు, రెండో రంగు, అంచులు, ఆయుధాలు, కళ్లు. వాటితో పాటు ఒక బ్యాడ్జి, ఒక బ్యానర్. బ్యాడ్జి కొలత 64×64, బ్యానర్ కొలత 64×96. రెండూ టీజీఏ అనే రకం బొమ్మ ఫైళ్లు. గేమ్‌తో వచ్చినవి నచ్చకపోతే మనం గీసినవి ఆ ఫోల్డర్లలో పెడితే చాలు, జాబితాలోకి వచ్చేస్తాయి. ఇరవై ఏళ్ల కిందటే ఆడేవాళ్ల చేతికి ఇంత స్వేచ్ఛ ఇచ్చినందుకు ఆ గేమ్ మీద నాకు గౌరవం.

ఇప్పుడు ఆ పులికి ఏమైందో చూద్దాం. వాడు తెచ్చిన బొమ్మ 1024×1024. అంటే 10 లక్షల పైచిలుకు పిక్సెళ్లు, మన మాటలో గళ్లు. బ్యాడ్జిలో ఉండేవి 64×64, అంటే 4,096 గళ్లు. లెక్క వేస్తే పెద్ద బొమ్మలో 16 నిలువు, 16 అడ్డం, మొత్తం 256 గళ్లు కలిసి చిన్న బొమ్మలో ఒక్క గడి అవుతాయి. ఆ 256 గళ్లలో నల్ల చార ఉంటుంది, నారింజ బొచ్చు ఉంటుంది, తెల్ల మీసం ఉంటుంది. కంప్యూటర్ అన్నింటినీ కలిపి సగటు రంగు ఒకటి వేస్తుంది. గోధుమ రంగు. పక్క గడిలోనూ దాదాపు అదే సగటు వస్తుంది. మీసం ఎక్కడికీ పోలేదు, అన్ని గళ్లలోకీ కొంచెం కొంచెం కరిగిపోయింది. కుదించే ముందు ఎంత వివరం ఉంటే కుదించాక అంత బురద.

ఈ మధ్య చాలామంది ఏఐని అడిగి బొమ్మ చేయించుకుంటున్నారు. "సైన్యం లోగో, సింహం, మంటలు" అని రాస్తే క్షణాల్లో వస్తుంది. చూడటానికి ఘనంగానే ఉంటుంది. నేను ఐదారు చేయించి చూశాను. ప్రతిదానిలోనూ లోహపు మెరుపు, వెనక పొగ, ఈకల మీద ఈకలు. 64కి దించగానే అన్నీ ఒకే రకం మసి గుడ్డల్లా ఉన్నాయి. ఆ యంత్రం తప్పేమీ లేదు, దాన్ని అడిగింది బొమ్మ. మనకు కావలసింది గుర్తు. బొమ్మ దగ్గరికి పిలుస్తుంది, ఇంకాస్త చూడమంటుంది. గుర్తును దూరం నుంచి, అరక్షణంలో, తల తిప్పుతూ చూస్తాం. గేమ్‌లో వందమంది సైనికులు కలబడుతున్నప్పుడు వాళ్లలో మనవాళ్లెవరో తెలియడానికి ఉన్న సమయం అంతే.

కాబట్టి గింప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచే 64×64 కొత్త ఫైలు తెరిచాను. 800 శాతం జూమ్ చేసి, గళ్లు కనిపించేలా గ్రిడ్ పెట్టుకున్నాను. బ్రష్ జోలికి పోకుండా పెన్సిల్ తీసుకున్నాను, ఎందుకంటే బ్రష్ అంచుల్ని మసక చేస్తుంది, ఇంత చిన్న చోట మసకకు జాగా లేదు. వెనక నుంచి అమ్మ వచ్చి చూసింది.

"ఏటిరా, చుక్కల ముగ్గేస్తున్నావా?"

అవునమ్మా అన్నాను. నిజంగా అదే పని. ఆ పోలిక నాకు అంతకు ముందు తట్టలేదు, తట్టాక నా పని తీరే మారిపోయింది. అమ్మకు ముగ్గు ఒక లెక్క. 15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేదాకా, అని నోటితో అనుకుంటూ వంగుతుంది. మధ్య వరుసలో బేసి సంఖ్య ఎందుకు పెడతావు అని అడిగాను. "నట్టనడుమ ఒక చుక్క ఉండాలి కదా, లేకపోతే పువ్వు దేని చుట్టూ తిరుగుతుంది?" అంది. అప్పుడు నా గ్రిడ్ వంక చూసుకున్నాను. 64 సరి సంఖ్య. నట్టనడుమ గడి లేదు, 32వ గడికీ 33వ గడికీ మధ్య ఒట్టి గీత ఉంది. వారం రోజులుగా నా బొమ్మలు ఎందుకు ఒక పక్కకు వాలినట్టు ఉంటున్నాయో అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. 64 గళ్ల బ్యాడ్జిలో నడుమ నిలబడే వస్తువు ఏదైనా, కత్తి కానీ స్తంభం కానీ, 2 గళ్ల మందమో 4 గళ్ల మందమో ఉండాలి. 3 గళ్లు పెడితే ఎటో ఒక వైపు ఒరుగుతుంది. ఎవరైనా బ్యాడ్జి గీయడం మొదలుపెడితే నేను మొదట చెప్పే మాట ఇదే.

రంగుల గురించి కూడా అమ్మ దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. నాలుగుకు మించి వాడను. ముదురు మీద లేత, లేత మీద ముదురు. ఎరుపు పక్కన ఆకుపచ్చ కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కానీ, బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చేయొచ్చు. అలా మార్చి చూశాక కూడా ఆకారం నిలబడితేనే ఉంచుతాను.

ఇంత చిన్న జాగాలో గొప్ప గుర్తు సాధ్యమేనా అని ఎవరికైనా అనుమానం ఉంటే శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం వైపు చూడమంటాను. తూర్పు గంగ రాజులకు ఒకప్పుడు రాజధాని అయిన కళింగనగరం అదేనని చరిత్రకారులు గుర్తించారు. వాళ్ల రాగి శాసనాలకు వేసిన ముద్రల మీద నంది ఉంటుంది. ముద్ర సంగతి అటుంచండి, వాళ్ల బంగారు ఫణాలు చూడాలి. చిటికెన వేలి గోరంత నాణెం, అర గ్రాము కూడా తూగదు. దాని మీద కాళ్లు ముడుచుకుని పడుకున్న నంది. నేను ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. మూపురం ఒక ఉబ్బు. కొమ్ములు ఒక వంపు. మెడ దగ్గర రెండు చుక్కలు. గంగడోలు లేదు, గిట్టలు లేవు, కన్నుకూ చుక్కే. అయినా ఎద్దు కాదని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఎద్దును ఎద్దుగా పట్టిచ్చే మూపురాన్ని ఆ అచ్చు చెక్కినవాడు వదల్లేదు. మిగతావన్నీ వదిలేశాడు. మా స్నేహితుడి పులిలో మీసాలు కాపాడబోయి పులిని పోగొట్టుకున్నాం.

వేంగి చాళుక్యుల ముద్ర మీద వరాహం, దానితో శ్రీ త్రిభువనాంకుశ అనే బిరుదు ఉంటాయి. హంపీ విజయనగర రాజులదీ వరాహమే, పక్కన కత్తి, పైన సూర్యచంద్రులు. ఇలాంటి గుర్తును మన భాషలో లాంఛనం అన్నారు. వరాహ లాంఛనం అంటే వరాహాన్ని గుర్తుగా కలిగినది. ఇప్పుడు ఆ మాట ఏమైందో గమనించారా? లాంఛనంగా ప్రారంభించారు అంటాం, లాంఛనాలు పుచ్చుకున్నారు అంటాం. తప్పనిసరి తంతు అనే అర్థమే మిగిలింది. గేముల్లో సైన్యం గుర్తుకూ అదే గతి పట్టిందని నా బాధ. జాబితాలో మొదట కనిపించినదాన్ని నొక్కేసి యుద్ధంలోకి పోతున్నాం. ఆ మాటకున్న పాత అర్థంలో దాన్ని లాంఛనంగా చూడాలని నా వాదన.

మా చిన్నాన్న మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి హవల్దారుగా రిటైర్ అయ్యాడు. ఆయన టోపీ బ్యాడ్జి ఇప్పటికీ రేకు డబ్బాలో ఉంది. ఏనుగు, దాని కింద రెండు కత్తులు. 1803లో అస్సయే దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధం నుంచి వచ్చిన ఏనుగు అది. మా వైపు తెల్లారకుండానే రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్లను చూస్తే తెలుస్తుంది, సైన్యం మా రెండు జిల్లాల ఇళ్లకు ఎంత దగ్గరో. అందుకని నా గీతలు ఆయనకు చూపించడానికి మొదట మొహమాటపడ్డాను. నిజం సైనికుడికి ఆట సైన్యం చూపించడం బావుండదేమో అనిపించింది. ఆయన మాత్రం శ్రద్ధగా చూశాడు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీదే ఉంచమని, తను లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి, అక్కడి నుంచి చూశాడు. "పక్షి అనుకున్నాను. గొడ్డలా?" అన్నాడు. గొడ్డలే. దాన్ని తీసేశాను. అప్పటి నుంచి ప్రతి గుర్తునూ గుమ్మం దగ్గర నిలబడి చూడటం అలవాటైంది.

ఆ ఏనుగు గురించి ఆయన ఇంకో మాట అన్నాడు. చీకట్లో డబ్బాలో చెయ్యి పెట్టి వెతికినా వేళ్లకు తొండం తగిలి ఇది నాది అని తెలిసిపోయేదట. ఆ రాత్రి నేను గీసిన బొమ్మలన్నీ మళ్లీ చూసుకుని, లోపలి రంగులన్నీ తీసేసి, ఒక్క నల్లటి నీడగా మార్చి చూశాను. పదిలో ఏడు ఏమిటో తెలియలేదు.

నీడగా నిలబడే ఆకారం కోసం వెతికితే విజయనగరంవాడికి సిరిమాను కాక ఇంకేం తడుతుంది? దసరా తర్వాత వచ్చే మొదటి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. 50 అడుగులకు పైబడిన చింత మాను, దాని కొసకు కట్టిన పీట మీద అమ్మవారి ప్రతిరూపంగా కూర్చున్న పూజారి, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ దృశ్యాన్ని ఒక్క నీడగా ఊహించండి. కింది మూల నుంచి పై మూలకు ఒక ఏటవాలు గీత, దాని చివర ఒక చిన్న మనిషి. అంతే. ప్రపంచంలో ఇంకెక్కడి గుర్తుతోనూ కలవదు. నిలువుగా ఉండే 64×96 బ్యానర్‌కు కొలిచి చేసినట్టు సరిపోయింది. ముదురు ఎరుపు మీద పసుపు గీత. గుమ్మం దగ్గర నుంచి చూసినా, నలుపు తెలుపుల్లో చూసినా చెక్కుచెదరలేదు. నేను గీసినవాటిలో అంతటి గుర్తు మళ్లీ కుదరలేదు, ఇప్పటికీ.

దాన్ని మామ్మకు చూపించాను. వెంటనే గుర్తుపట్టి చెంపలు వేసుకుంది. తర్వాత, ఇది ఎక్కడ పెడతావని అడిగింది. యుద్ధం ఆటలో నా సైన్యం జెండా మీద అన్నాను.

"ఎవరి మీద యుద్ధం?"

ఎదుటి సైన్యం మా స్నేహితుడిది, బొబ్బిలివాడు అన్నాను.

మామ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ తల్లి వద్దన్నదే ఆ యుద్ధం కదరా" అంది.

ఆ కథ చిన్నప్పటి నుంచి విన్నదే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి బుస్సీ సైన్యం, దానితో కలిసి మా ఊరి రాజు విజయరామరాజు సైన్యం పడ్డాయి. కోటలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపాడు. ఇది చరిత్ర. పైడితల్లి విజయరామరాజు తోబుట్టువని, యుద్ధం వద్దని అన్నను వారించిందని, అతను విననందుకు, జరిగిన ఘోరానికి తట్టుకోలేక ప్రాణం విడిచిందని, పెద్దచెరువులో విగ్రహంగా దొరికి అమ్మవారిగా వెలిసిందని మా ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఏటా ఆ మాను తిరుగుతుంటే నేను కింద నిలబడి దణ్ణం పెట్టినవాడినే. ఆకారం కుదిరిందన్న సంతోషంలో, బొబ్బిలి సైన్యం మీదికి ఆ తల్లి బొమ్మనే జెండాగా పట్టుకుని వెళ్లబోయాను.

ఆ ఫైలు తీసేశాను. అందుకు నాకు విచారం లేదు. ఆ ఆకారం నాకు ఇప్పటికీ ఇష్టమే, దాన్ని ఇంకేదైనా మంచి పనికి వాడతాను.

ఇక్కడ మా స్నేహితుడితో పెద్ద వాదన జరిగింది. వాడు నా నిర్ణయం విని, "ఇది ఆట బావా. మనిద్దరం నవ్వుకుంటూ ఆడుకుంటున్నాం. 1757 సంగతి ఇప్పుడెందుకు? అసలు ఆ గేమ్ కథ జరిగేది 41వ సహస్రాబ్దిలో, అంతరిక్షంలో. మన ఊరి గుర్తులు పెట్టడమే అక్కడ వింత" అన్నాడు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. నేనూ ఆలోచించాను.

వాడి మాటలో రెండో సగానికి నా జవాబు ఇది. అన్ని వేల ఏళ్ల తర్వాతి సామ్రాజ్యానికి, ఆ గేమ్‌కు ఆధారమైన వార్‌హ్యామర్ 40,000 ప్రపంచాన్ని సృష్టించిన బ్రిటన్‌వాళ్లు పెట్టిన గుర్తు ఏమిటి? రెండు తలల గద్ద. ఐరోపా చక్రవర్తుల జెండాల మీద వందల ఏళ్లు ఎగిరిన పక్షి. వాళ్లు తమకు తెలిసిన పాత గుర్తునే భవిష్యత్తులోకి తీసుకుపోయారు. రెండు తలల పక్షి మనకూ కొత్త కాదు, గండభేరుండం విజయనగర నాణేల మీద ఉంది, ఈనాటి కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో ఉంది. వాళ్ల గద్దకు అంతరిక్షంలో చోటుంటే మన ముఖలింగం నందికి ఎందుకు లేదు? డాన్ ఆఫ్ వార్ కథానాయకులైన బ్లడ్ రేవెన్స్ గుర్తు చూడండి. ఒక కాకి జాతి పక్షి నీడ, నడుమ ఒక నెత్తుటి బొట్టు. అంతకు మించి ఏమీ లేదు. ఏ నాణెం మీద వేసినా నిలుస్తుంది. తమ పాత ముద్రలను బాగా చదివినవాళ్ల పని అది.

మొదటి సగానికి జవాబు చెప్పడం కష్టం. ఆటే, నిజమే. బ్యానర్ మీద సిరిమాను ఉన్నంత మాత్రాన బొబ్బిలిలో ఎవరికీ గాయం కాదు. కానీ గుర్తుకు విలువ ఎక్కడి నుంచి వస్తోంది? దాన్ని చూడగానే నా వాళ్లకు గుండె కదలడం నుంచే కదా. మామ్మ చెంపలు వేసుకుంది కాబట్టే అది మంచి గుర్తు. ఆ కదలికను నేను వాడుకుంటాను, దాని వెనక కథను మాత్రం పట్టించుకోను అంటే కుదరదు. పులిని వాడు ఊరికే పెట్టుకోలేదు, బొబ్బిలి అనే మాటలో పులి ఉంది కాబట్టి పెట్టుకున్నాడు. వాడి పులికి అర్థం ఉన్నప్పుడు నా సిరిమానుకూ ఉంటుంది. ఈ మాట అన్నాక వాడు కాదనలేదు.

వాడి పులి సంగతి అప్పుడే తేలింది. మొహం వద్దు, పులిని పులిగా పట్టిచ్చేది ఏది అని అడిగాను. చారలు అన్నాడు. నాలుగు చారలు గీశాం, జీబ్రా అయింది. చాలాసేపయ్యాక వాడే, అడుగు, అన్నాడు. పులిని చూసినవాళ్ల కన్నా మట్టిలో పులి అడుగు చూసినవాళ్లే ఎక్కువ. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మడమ. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గోళ్ల గుర్తులు ఉండవు, మన పని ఇంకా తేలిక. నల్లటి మీద నారింజ, ఐదు ముద్దలు, గంటలో పూర్తయింది. గుమ్మం దగ్గర నిలబడి చిన్నాన్న ఈసారి తప్పు చెప్పలేదు.

నాకు మాత్రం గుర్తు లేకుండా పోయింది. కోట బురుజులు గీశాను, ఏ ఊరి కోటైనా కావచ్చు అనిపించింది. గంటస్తంభం గీశాను, 64 గళ్లలో గడియారం ముళ్లు ఇమడలేదు. ఒకరోజు సాయంత్రం ఫోన్లో ఎవరికో దారి చెబుతూ "లాంతర్ల దగ్గరికి రండి" అని నా నోటి వెంట నేనే విన్నాను. మూడు లాంతర్లు. మా ఊళ్లో ఎవరిని ఎక్కడ కలవాలన్నా, ఏ వీధికి దారి చెప్పాలన్నా మొదట వచ్చే పేరు. పైడితల్లమ్మ చదురుగుడి ఉన్నది కూడా అక్కడే. పొగలో, గందరగోళంలో మనవాళ్లు ఎక్కడున్నారో చూసి అక్కడికి చేరుకోవడానికే కదా పూర్వం సైన్యాలు జెండా ఎత్తింది. ఊరంతా కలుసుకునే చోటు గుర్తు కాకపోతే ఇంకేది అవుతుంది? మామ్మను అడిగాను. దీపాలేగా, పెట్టుకో అంది.

ముదురు నీలం మీద తెల్ల స్తంభం, 4 గళ్ల మందం. పైన అడ్డంగా ఒక కమ్మీ, దాని రెండు చివర్లా రెండు లాంతర్లు, నడుమ కాస్త ఎత్తులో మూడోది. లాంతరుకు అద్దాలు, కొక్కేలు గీయలేదు. పసుపు దీపం, దాని మీద చిన్న టోపీ, అంతే. సేవ్ చేసేటప్పుడు పడ్డ తిప్పలు కొన్ని చెప్పాలి, ఎవరికైనా పనికొస్తాయి. ఆల్ఫా చానెల్, అంటే బొమ్మలో ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో చెప్పే పొర, సరిగ్గా లేకపోతే గుర్తు చుట్టూ నల్ల పెట్టె భుజానికి అతుక్కుంటుంది. ఆల్ఫాలో తెలుపు ఉన్న చోట గుర్తు కనిపిస్తుంది, నలుపు ఉన్న చోట మాయమవుతుంది. గింప్‌లో టీజీఏగా ఎగుమతి చేసేటప్పుడు ఫైలు సైజు తగ్గించే ఆర్ఎల్ఈ కంప్రెషన్ దగ్గర టిక్ తీసేయాలి. అక్కడే ఆరిజిన్ అని, బొమ్మ పై నుంచి మొదలవుతుందా కింది నుంచా అని చెప్పే ఇంకో ఎంపిక ఉంటుంది, అది తారుమారైతే లాంతర్లు తలకిందులుగా వేలాడతాయి. నాకు రెండుసార్లు వేలాడాయి.

ఇంతటితో అయిపోయేదే. మా తమ్ముడు కొత్త కంప్యూటర్ కొని హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 మొదలుపెట్టాడు. 2016లో స్వీడన్‌కు చెందిన పారడాక్స్ విడుదల చేసిన రెండో ప్రపంచ యుద్ధం గేమ్. అందులో సొంత దేశాన్ని మోడ్‌గా, అంటే ఆడేవాళ్లే గేమ్‌లో చేసుకునే మార్పుగా, చేరిస్తే దాని జెండాను మూడు కొలతల్లో ఇవ్వాలి: 82×52, 41×26, 10×7. చివరిది మొత్తం కలిపితే 70 గళ్లు. అమ్మ వేసే పెద్ద ముగ్గులో చుక్కలు అంతకన్నా ఎక్కువ ఉంటాయి.

కుదించకూడదన్న నా వాదనకు ఇంతకన్నా గట్టి పరీక్ష దొరకదు. 82 సరి సంఖ్య, స్తంభం 4 గళ్లు. దాన్ని సగం చేస్తే 41, బేసి. ఇప్పుడు నట్టనడుమ గడి ఉంది, 21వది. స్తంభాన్ని యంత్రం సగం చేస్తే 2 గళ్లు వచ్చి ఒక పక్కకు ఒరిగింది. చెరిపేసి 3 గళ్లతో మళ్లీ గీశాను, నిటారుగా నిలబడింది. 10కి వచ్చేసరికి మళ్లీ సరి. అక్కడ స్తంభానికి చోటే లేదు. కమ్మీకి లేదు. లాంతరు టోపీకి లేదు. ఒక సాయంత్రమంతా 70 గళ్ల ముందు కూర్చున్నాను. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి నీలం మిగిలింది, పసుపు మిగిలింది. పక్క దీపాలకు ఒక్కో గడి, రెండో నిలువు వరుసలో ఒకటి, తొమ్మిదో వరుసలో ఒకటి. నడుమ దీపం ఐదు, ఆరు వరుసల్లో రెండు గళ్లు, ఒక మెట్టు పైన. మొత్తం నాలుగు పసుపు గళ్లు.

ఆ చిన్న బొమ్మను పెద్దది చేయకుండా, ఏమిటో చెప్పకుండా మా స్నేహితుడికి వాట్సాప్‌లో పంపాను. కాసేపటికి, "లాంతర్ల దగ్గరున్నావా?" అని జవాబు వచ్చింది.

వాడి పులి అడుగు మాత్రం 10×7లో ఇంకా కుదరలేదు. వేళ్లు నాలుగూ మడమతో కలిసిపోతున్నాయి. ఒక వేలు తీసేద్దామంటే వాడు ఒప్పుకోవడం లేదు, మూడు వేళ్ల పులి ఎక్కడుంది అంటాడు. మడమను ఒక వరుస కిందికి జరిపి, వేళ్ల మధ్య ఒక్కో గడి ఖాళీ వదిలి చూడాలని ఉంది. వచ్చే ఆదివారం పాసింజరుకు వస్తానన్నాడు.